కంప్యూటరు తెరపై అష్టావధానము

‘విద్వద్గద్వాల’ యని పేరు వడసిన గద్వాల సంస్థానమునందును, పొరుగుననున్న వనపర్తి సంస్థానమునందును పూర్వము కవిపండితులకు మంచి ఆదరణ యుండెను. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) గారలు ఈ సంస్థానములకు వచ్చి సన్మానములు పొందిరి. వారు ఊరూర ప్రదర్శించి జనసామాన్యమునకు దగ్గర చేసిన విద్య అవధానము.

అష్టావధానములో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిచుట్టు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు కొన్ని పదములిచ్చి వానితో పద్యము చెప్పుమందురు. ఇంకొకరు అక్షరము అక్షరమునకు నిషేధము పెట్టుదురు. అవధాని ఒకరి పద్యమును పూర్తిగా ముగించి తరువాతివారి యొద్దకు పోడు. మొదటివారికి ఒక పాదము చెప్పును, ఆపును, రెండవవారి వైపు తిరుగును. ఇట్లు చుట్టు తిరిగివచ్చి, మొదటి పద్యమును ఎక్కడ విడిచెనో అక్కడనుండియే అందుకొనును. బుద్ధి ఒక్కటే, పనులు పెక్కు. ఏ క్షణమునందైనను అవధానము, అనగా మనస్సు నిలుపుట, ఒక్కనిమీదనే యుండును.

నేడు ఉన్నత పాఠశాలలోను, కార్యాలయములోను బల్లపై కనబడు కంప్యూటరు చేయుచున్న పనియు ఇట్టిదే. వ్యాసము వ్రాయు ప్రోగ్రాము, లెక్కల పట్టిక, ఇంటర్నెట్టు చూపు బ్రౌజరు, పాట వినిపించు ప్రోగ్రాము ఒకేమారు తెరచియుండును. వానిలో ఒకదానినుండి మరియొకదానికి మారుట ఎట్లు? మారినప్పుడు లోపల ఏమి జరుగును? మారుటలో తప్పు ఎక్కడ దొరలును? ఇవి తెలిసినవారికి పని వేగముగా సాగును. అంతకంటె ముఖ్యముగా, ఒకరి వివరము మరియొకరి కాగితములోనికి పోకుండును.

యంత్రము లోపలి అవధానము

కంప్యూటరులో లెక్కలు చేయు భాగమును ప్రాసెసరు అందురు. అందలి ఒక్కొక్క గణనకేంద్రము, దానినే ‘కోర్’ అందురు, ఒక సమయమున ఒక ప్రోగ్రాము పనినే చేయుచుండును. నేటి ప్రాసెసర్లలో ఇట్టివి రెండు, నాలుగు, ఎనిమిది, అంతకు మించియు ఉండవచ్చును. అయినను తెరచిన ప్రోగ్రాములు, తెరపై కనబడక లోలోపల నడచునవి కలిపి చూచిన వందకు మించియుండుట సాధారణము. కావున వంతులు తప్పవు.

వంతులను ఏర్పరచునది ఆపరేటింగ్ సిస్టము. విండోస్, లినక్స్ మొదలగునవి ఇట్టివే. ఇది ప్రతి ప్రోగ్రామునకు సెకనులో వేయవ వంతులతో కొలువదగినంత చిన్న వంతు నిచ్చును. వంతు ముగియగానే గడియారపు సంకేతమొకటి ప్రాసెసరును ఆపును. అప్పటివరకు ఆ ప్రోగ్రాము ఎక్కడ యున్నది, ఏ సంఖ్యలు చేతిలో నున్నవి అను వివరమంతయు జ్ఞాపకశాలలో భద్రపరచబడును. పిదప రెండవదాని వివరము తీసికొనబడి పని సాగును. అవధాని విడిచిన పాదమును జ్ఞప్తియందుంచుకొనుట వంటిదే యిది. ఈ మార్పులు మిక్కిలి వేగముగా జరుగుటచేత, చూచువారికి అన్ని పనులు ఒకేమారు నడచుచున్నట్లు తోచును.

అవధానసభలో అప్రస్తుత ప్రసంగము చేయువాడొకడు కలడు. వాడు తన వంతుకై కాచుకొనడు. ఎప్పుడు తోచిన నప్పుడు అడ్డు ప్రశ్న వేయును. అవధాని వానికి చమత్కారముగా బదులు చెప్పి, విడిచిన పద్యమునకు మరలును. కంప్యూటరులో మీట నొక్కుట, మౌసు కదల్చుట అప్రస్తుత ప్రసంగము వంటివి. వానికి ‘అంతరాయము’ అను అర్థమిచ్చు పేరే శాస్త్రజ్ఞులు పెట్టిరి. అంతరాయము వచ్చినంతనే ప్రాసెసరు చేయుచున్న పని నాపి, నొక్కిన మీట ఏదో గుర్తుపెట్టుకొని, తిరిగి పాత పనికి పోవును.

ఈ కాలవిభజన పద్ధతి మొదటినుండి యున్నది కాదు. తొలినాటి యంత్రములు ఒక పని ముగిసినగాని రెండవదానిని చేపట్టెడివి కావు. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో, ఆయన సహచరులు ఐ.బి.ఎం. 709 యంత్రముపై పలువురు ఒకేమారు పనిచేసికొను విధానమును ప్రదర్శించిరి. కోర్బాటోకు 1990లో ట్యూరింగ్ బహుమానము లభించినది.

కిటికీలు ఎట్లు వచ్చినవి?

లోపల పెక్కు పనులు నడచినను, అవి తెరపై కనబడవలెను గదా! 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌసును బహిరంగముగా చూపెను. 1973లో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున ఆల్టో అను కంప్యూటరు తయారైనది. బల్లపై కాగితము మీద కాగితము పరచినట్లు తెరపై ఒకదానిమీద నొకటి పడియుండు చతురస్రములను అచటి పరిశోధకులు దానిపై రూపొందించిరి. వానికే విండోలు, అనగా కిటికీలు, అని పేరు. 1984లో మాకింటోష్ కంప్యూటరు ఈ పద్ధతిని సామాన్యులకు అందించినది. 1985లో వచ్చిన తొలి విండోస్‌లో కిటికీలు ప్రక్కప్రక్కనే యుండెడివి. 1987 నాటి రెండవ విండోస్‌లో అవి ఒకదానిపై నొకటి పరచుకొనుట కలిగినది. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95తో తెర అడుగున తెరచిన ప్రోగ్రాముల పేర్లు వరుసగా చూపు పట్టీ, టాస్కుబారు, వాడుకకు వచ్చినది.

ఒక కిటికీ మరియొకదానిని కప్పుటవలన క్రొత్తవారికి ఒక భ్రమ కలుగును. ‘నేను వ్రాసిన వ్యాసము పోయినది’ అని విద్యార్థి కలతపడును. నిజమునకు అది పోలేదు. వెనుకనున్నది. కనబడకపోవుట వేరు, మూసివేయబడుట వేరు. అది తెలియక అదే ప్రోగ్రామును మరల మరల తెరచుటచేత, ఒకే వ్యాసమునకు రెండు ప్రతులు ఏర్పడి, ఏది తాజాదో తెలియని చిక్కు వచ్చును. క్రొత్తగా తెరచుటకు ముందు టాస్కుబారును ఒకమారు చూచుట దీనికి మందు.

మీట ఎవరికి చెందును?

తెరపై పది కిటికీలున్నను, కీబోర్డుపై కొట్టిన అక్షరము ఒక్కదానికే చేరును. ఏ కిటికీకి ఆ అధికార మున్నదో దానికి ‘ఫోకస్’ ఉన్నదందురు. అవధానమను తెలుగు మాట దీనికి చక్కగా సరిపోవును. అవధానమున్న కిటికీని గుర్తించుటకు రెండు ఆనవాళ్లు కలవు. సాధారణముగా దాని పై అంచుననున్న శీర్షికపట్టీ స్పష్టముగా కనబడును, తక్కినవానివి వెలవెల పోయియుండును. వ్రాయుటకు వీలున్నచో, దానిలో నిలువుగీత మిణుకుమిణుకు మనుచుండును.

ఇక్కడ ఒక మోసము కలదు. విండోస్ 10 మొదలుకొని, మౌసు చక్రమును త్రిప్పినప్పుడు బాణపు గుర్తు ఏ కిటికీపై నున్నదో ఆ కిటికీ కదలునట్లు ఏర్పాటు కలదు. కాని మీటలు మాత్రము అవధానమున్న కిటికీకే పోవును. కన్ను ఒక కిటికీపై, చక్రముతో దానిని కదల్చుచుండగా, చేయి మరియొక కిటికీలో వ్రాయుచుండుట సంభవమే.

దీని ఫలితము ఎంత దూరము పోవునో చూడవలెను. ప్రభుత్వ సేవలకై దరఖాస్తులు నింపు కేంద్రమొకటి కలదనుకొందము. ఆపరేటరు ఒక పత్తి రైతు దరఖాస్తును ఒక కిటికీలోను, ఒక వేరుశనగ రైతు దరఖాస్తును మరియొక కిటికీలోను తెరచియుంచెను. రెండును ఒకే వెబ్‌సైటువి యగుటచే రెంటి శీర్షికయు ఒక్కటే. రంగు ఒక్కటే, గడులు ఒక్కటే. మొదటి రైతు సర్వే నంబరు రెండవవాని గడిలో పడినది. యంత్రము తప్పు పట్టదు, ఏలనన అది కూడ ఒక సరియైన సర్వే నంబరే. తప్పు బయటపడు నాటికి రైతు మరల బస్సెక్కి రావలెను, ఒకనాటి కూలి పోగొట్టుకొనవలెను. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి, దాని స్థానమున 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైనవి. భూమి వివరములు ఇట్లు కంప్యూటరు తెరపైకి వచ్చిన కాలమున, ఏ కిటికీలో వ్రాయుచున్నారో చూచుకొనుట చిన్న విషయము కాదు.

మూడు జిల్లాల ప్రయోగము

కిటికీలు మార్చుటకు మౌసుతో టాస్కుబారుపై నొక్కుట ఒక మార్గము. కీబోర్డుపై ‘ఆల్ట్’ మీటను పట్టియుంచి ‘ట్యాబ్’ మీటను నొక్కుట రెండవది. ఆల్ట్ విడువగానే ఎన్నుకొన్న కిటికీ ముందునకు వచ్చును. షిఫ్టు మీటను కూడ పట్టినచో ఎన్నిక వెనుకకు నడచును. మాకింటోష్‌లో ఆల్ట్‌కు బదులు ‘కమాండ్’ మీట వాడుదురు.

ఈ మార్పు ఏ క్రమమున జరుగును? టాస్కుబారుపై నున్న వరుసలో కాదు. ఇటీవల వాడినది ముందు, అంతకు మునుపటిది తరువాత, అను వరుసలో జరుగును. దీనిని తరగతిలో ప్రయోగము చేసి చూడవచ్చును.

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలను గూర్చి విద్యార్థి యొకడు పాఠము సిద్ధము చేయుచున్నాడనుకొందము. గద్వాల వర్షపాతమును లెక్కల పట్టికలోను, వనపర్తిపై వ్యాసమును వ్రాత ప్రోగ్రాములోను, నాగర్‌కర్నూలు పటమును బొమ్మల ప్రోగ్రాములోను ఆ వరుసలోనే తెరచెను. దేనిని క్రిందికి దించి దాచరాదు. అట్లు చేసినచో వరుస మారును. ఇప్పుడు యంత్రము మనస్సులో నున్న జాబితా: నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల.

ఆల్ట్ పట్టి ట్యాబ్ ఒకమారు నొక్కి రెంటిని విడిచినచో వనపర్తి ముందునకు వచ్చును. జాబితా వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల అగును. మరల అట్లే చేసినచో నాగర్‌కర్నూలు తిరిగివచ్చును. ఇట్లు నూరుమార్లు చేసినను గద్వాల రానే రాదు! ‘మూడవది పోయినది’ అని పలువురు అనుకొనుటకు కారణ మిదే.

ఇక ఆల్ట్ విడువక ట్యాబ్ రెండుమార్లు నొక్కి, పిదప విడువవలెను. మొదటి జాబితానుండి బయలుదేరినచో గద్వాల వచ్చును. జాబితా గద్వాల, నాగర్‌కర్నూలు, వనపర్తి. మరల రెండు నొక్కులు: వనపర్తి. మరల రెండు: నాగర్‌కర్నూలు. జాబితా మొదటి రూపమునకు వచ్చినది. రెండేసి నొక్కులతో మూడును వంతుల వారీగా తిరుగును. నాలుగు కిటికీలున్నప్పుడు మూడేసి నొక్కులతో ఇట్లే జరుగునా? కాగితముపై వరుసలు వ్రాసి ముందుగా ఊహించి, పిదప యంత్రముపై సరిచూచుట విద్యార్థులకు మంచి గణితాభ్యాసము.

యంత్రము ఈ క్రమము నెన్నుకొనుటకు హేతువున్నది. ఒక పుస్తకమును చూచి వ్రాసికొనువాడు పుస్తకమునకు, నోటుబుక్కునకు నడుమనే మాటిమాటికి తిరుగును. అట్టి రెంటికి ఒక్క నొక్కు చాలవలెను. అందుకే ఇటీవలిదానికి పెద్దపీట.

ఒకే ప్రోగ్రాము లోపల పలు పుటలు ‘ట్యాబు’లుగా తెరచియున్నచో, వానికి కంట్రోల్ మీటతో ట్యాబ్ నొక్కవలెను. పెక్కు బ్రౌజర్లలో ఇది తెరపై కనబడు వరుసలోనే నడచును. లినక్స్‌లోని గ్నోమ్ తెరపై, ఒకే ప్రోగ్రాముయొక్క పలు కిటికీల నడుమ మారుటకు, ఆల్ట్‌తోబాటు ట్యాబ్‌కు పైనున్న మీటను వాడుదురు.

మెనూల మర్యాద

మెనూ యనగా ప్రోగ్రాము చేయగల పనుల పట్టిక. హోటలులో ఏమేమి దొరకునో చెప్పు పట్టిక పేరే దీనికి వచ్చినది. మెనూ తెరచియున్నంత సేపు మీటలన్నియు దానికే చెందును. వ్యాసములోనికి అక్షరములు పోవు. ‘మీటలు పనిచేయుట లేదు’ అను ఫిర్యాదులలో కొన్నింటికి కారణము, తెలియక ఆల్ట్ మీట తగిలి అవధానము మెనూకు పోవుటయే. ‘ఎస్కేప్’ మీటను ఒకటి రెండుమార్లు నొక్కినచో తిరిగి వ్రాతకు రావచ్చును.

మెనూను చదువుటకు కొన్ని గుర్తులు తెలియవలెను. వెలవెల పోయిన పేరు, ఆ పని ఇప్పుడు కుదరదని చెప్పును. ఉదాహరణకు, ఏ మాటను ఎన్నుకొననిదే ‘కాపీ’ పనిచేయదు. పేరు చివర మూడు చుక్కలున్నచో, ఆ పనికి ముందు యంత్రము ఏదో ప్రశ్న అడుగునని అర్థము. కుడివైపున మీటల పేర్లున్నచో, అవి ఆ పనికి దగ్గరి దారి. పాత తరహా మెనూలున్న ప్రోగ్రాములలో ‘ఎఫ్10’ మీటతో మెనూను చేరి, బాణపు మీటలతో తిరిగి, ‘ఎంటర్’తో ఎన్నుకొనవచ్చును. మౌసు చెడిన నాడు ఈ తెలివి అక్కరకు వచ్చును.

యంత్రమడుగు ప్రశ్న ఒక చిన్న పెట్టెగా తెరపై వచ్చును. కొన్ని పెట్టెలు తమకు బదులు చెప్పువరకు ఆ ప్రోగ్రామును కదలనీయవు. అట్టి పెట్టె మరియొక కిటికీ వెనుక దాగినచో, ప్రోగ్రాము బిగిసిపోయినట్లు తోచి, వాడువారు విద్యుత్తునే ఆపివేయుదురు. భద్రపరచని పని అంతయు పోవును. ముందుగా ఆల్ట్-ట్యాబ్‌తో పెట్టెను వెదకిన ఆ నష్టము తప్పును.

తెలుగు వ్రాయువారికి ఇంకొక చిక్కు

తెలుగువారికి కిటికీలతోబాటు భాషను కూడ మార్చవలసియుండును. విండోస్‌లో ‘విండోస్’ మీట పట్టి ‘స్పేస్’ నొక్కిన తెలుగునుండి ఇంగ్లీషునకు, ఇంగ్లీషునుండి తెలుగునకు కీబోర్డు మారును. విండోస్ 8కు ముందు ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క భాష గుర్తుండెడిది. ఆ తరువాత, వేరుగా ఏర్పాటు చేసికొననిచో, ఒకే భాష అన్నింటికి వర్తించును. కావున తెలుగు వ్యాసమునుండి బ్రౌజరునకు మారి వెదకునప్పుడు, ఇంగ్లీషు చిరునామాకు బదులు తెలుగు అక్షరములు పడును. సంకేతపదము నింపు గడిలో అక్షరములకు బదులు చుక్కలే కనబడును గనుక, అక్కడ ఈ తప్పు తెలియనే తెలియదు. తెర మూలనున్న భాషాచిహ్నమును చూచిన పిదపనే అట్టి గడిలో వ్రాయవలెను.

యంత్రమునకైనను హద్దు కలదు

తెరచిన ప్రతి ప్రోగ్రామునకు జ్ఞాపకశాలలో చోటు కావలెను. చోటు నిండినచో ఆపరేటింగ్ సిస్టము కొంత భాగమును తీసి డిస్కుపై పెట్టును. అవసరమైనప్పుడు తిరిగి తెచ్చును. తిరుగు డిస్కున్న పాత యంత్రములలో దీనికి ఎంత జాగగునో ఒక పోలికతో తెలియును. డిస్కునుండి తెచ్చుటకు పట్టు కాలము, జ్ఞాపకశాలనుండి తెచ్చుటకంటె సుమారు లక్ష రెట్లు. జ్ఞాపకశాలకు ఒక సెకను పట్టుననుకొన్నచో, డిస్కునకు లక్ష సెకనులు, అనగా దాదాపు 28 గంటలు పట్టును. తక్కువ జ్ఞాపకశాల గల పాఠశాల కంప్యూటరుపై పది ప్రోగ్రాములు తెరచినప్పుడు కిటికీ మార్చుట నత్తనడక యగుటకు కారణ మిదియే. వాడనివానిని మూయుటయే దీనికి ఉపాయము.

మనిషి మనస్సునకు ఈ హద్దు మరియు దగ్గర. యంత్రము మారునప్పుడు విడిచిన చోటును పూర్తిగా వ్రాసిపెట్టుకొనును. మనిషి అట్లు చేయలేడు. 1927లో ఆర్థర్ జెర్సిల్డ్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, రెండు విధములైన పనులను మార్చి మార్చి చేయుటకు, విడివిడిగా చేయుటకంటె ఎక్కువ కాలము పట్టుట ప్రయోగముల మూలమున చూపెను. తరగతిలో దీనిని గడియారముతో పరీక్షింపవచ్చును. ‘క’ మొదలు ఇరువది అక్షరములు వరుసగా వ్రాసి, పిదప 1 మొదలు 20 వరకు వ్రాయవలెను. తరువాత ‘క, 1, ఖ, 2’ అని కలిపి వ్రాయవలెను. వ్రాసినవి రెండుమార్లు నవే. పట్టిన కాలములో తేడా విద్యార్థులే కనుగొందురు. కిటికీ మార్చుట అరక్షణపు పని. మనస్సు మారుటకు అంతకంటె ఎక్కువ పట్టును. ఆ నడిమి కాలముననే తప్పుడు గడిలో తప్పుడు సంఖ్య పడును.

పేరే కిటికీ

చూపులేని విద్యార్థి కిటికీలను ఎట్లు మార్చును? తెరను చదివి వినిపించు ప్రోగ్రాములు కలవు. వానిలో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో ప్రారంభించిన ఎన్.వి.డి.ఏ. ఉచితముగా లభించును. తెలుగును కూడ చదువును. ఆల్ట్-ట్యాబ్ నొక్కినప్పుడు అది ముందునకు వచ్చు కిటికీ శీర్షికను పలుకును. ఆ విద్యార్థికి రంగు లేదు, బొమ్మ లేదు. శీర్షికయే కిటికీ.

కావున ఫైలునకు పెట్టు పేరు అలంకారము కాదు. ‘పత్రము 1’, ‘పత్రము 2’, ‘క్రొత్త పత్రము’ అను పేర్లతో మూడు కిటికీలున్నచో విను విద్యార్థికి దారి దొరకదు. ‘గద్వాల వర్షపాతము’, ‘వనపర్తి వ్యాసము’, ‘నాగర్‌కర్నూలు పటము’ అని పెట్టినచో ఒక్క మాట వినగానే దారి తెలియును. చూపున్నవారికిని, తొందరలో నున్న ఆపరేటరునకును అదియే రక్ష.

ఉపాధ్యాయులు కంప్యూటరు పాఠమున మీటల పేర్లను కంఠస్థము చేయించుటకంటె ముందు ఒక అలవాటు నేర్పుట మేలు. కిటికీ మారిన ప్రతిమారు, మొదటి మీట నొక్కుటకు ముందు శీర్షికను చదువవలెను. మీటల పేర్లు యంత్రమును బట్టి మారును. ఈ అలవాటు ఏ యంత్రముపైనైనను పనికివచ్చును.